ఆరు స్క్రీన్లు, ఒకటే ఆర్డర్ లిస్టు: ప్రోగ్రాముల మధ్య స్టేట్‌ని రియల్ టైమ్‌లో కలిపి ఉంచడం ఎలా

మా బాబాయికి గుంటూరులో టిఫిన్ హోటల్ ఉంది, పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా కాలు పెట్టే సందు ఉండదు. రెండేళ్ళ కింద కాగితం చీటీలు మానేసి కుర్రాళ్ళ చేతికి నాలుగు ట్యాబ్‌లు, వంటగదిలో మాస్టర్‌కి కనపడేలా పెనం పక్కన ఒక స్క్రీన్, గల్లాపెట్టె దగ్గర ఒక కంప్యూటర్ పెట్టాం, ఆ సాఫ్ట్‌వేర్ నేనే రాశా. ఆరు ప్రోగ్రాములు, ఆరింట్లోనూ కనపడాల్సింది ఒకటే లిస్టు (స్టేట్ అంటే ఇదే, ఈ క్షణానికి ఉన్న లెక్క): ఏ టేబుల్ వాళ్ళు ఏం చెప్పారు, ఏది పెనం మీద ఉంది, ఏది వడ్డించేశారు, ఏది క్యాన్సిల్ అయింది. నిలకడగా నడవడానికి నాలుగు నెలలు పట్టింది. మీరు చేసేది హోటల్ కాకపోయినా, గోడౌన్ స్టాకైనా, క్రికెట్ స్కోర్ బోర్డైనా, గేమైనా, దాదాపు ఇవే ఇబ్బందులు వస్తాయి కాబట్టి నేను నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నా.

ముందో చిన్న మాట. మన హోటళ్ళలో సర్వర్ అంటే వడ్డించే మనిషి. ఇక్కడ సర్వర్ అన్న ప్రతిచోటా మెషీన్ అనే అర్థం, మనుషుల్ని కుర్రాళ్ళు అనే అంటా.

కొత్త మార్పుని అన్ని స్క్రీన్లకీ పంపడం ఒక సాయంత్రం పని, వెబ్‌సాకెట్ (సర్వర్‌కీ స్క్రీన్‌కీ మధ్య ఎప్పుడూ తెరిచి ఉండే దారి) తెరిచి మెసేజ్ నెట్టేస్తే అయిపోయింది. కష్టమంతా ఎక్కడుందంటే, మధ్యలో రెండు నిమిషాలు తెగిపోయిన స్క్రీన్ మళ్ళీ వచ్చినప్పుడు తను ఎంతవరకు చూసిందో, తనకి ఏం అందలేదో అది చెప్పగలగాలి. చెప్పగలిగితే మిగతావన్నీ సర్దుకుంటాయి. చెప్పలేకపోతే ఎంత స్పీడుగా పంపినా ఎప్పుడో ఒకప్పుడు రెండు స్క్రీన్లలో రెండు లెక్కలు కనపడతాయి, ఏది నిజమో ఎవరికీ తెలీదు.

ముందు విడదియ్యండి

కోడ్ రాయకముందే ఒక కాగితం తీసుకుని మీ యాప్‌లో ఉన్న ప్రతి సమాచారాన్నీ మూడు కుప్పలు చెయ్యండి. అందరికీ ఒకేలా ఉండాల్సినవి ఒక కుప్ప, అంటే ఆర్డర్లు, వాటి స్థితి, ఈరోజు ఏ ఐటమ్ అయిపోయింది ఇవన్నీ. ఆ స్క్రీన్‌కి మాత్రమే సంబంధించినవి రెండో కుప్ప, ఏ టేబుల్ పేజీ తెరిచి ఉంది, సగం టైప్ చేసిన పార్సిల్ పేరు, లిస్టు ఎక్కడిదాకా స్క్రోల్ చేశారు, ఇవి నెట్‌వర్క్ మీదకి అస్సలు వెళ్ళకూడదు. మూడోది అందరికీ కనపడాలి గానీ పోయినా ఫర్వాలేనివి: ఏ కుర్రాడు ఇప్పుడు ఏ టేబుల్ దగ్గర ఉన్నాడు, ఏ ట్యాబ్ ఆన్‌లో ఉంది లాంటివి. వీటిని డిస్క్ మీద రాయక్కర్లేదు, నంబర్లు అక్కర్లేదు, 30 సెకన్లు కబురు లేకపోతే చెరిపేస్తే చాలు. ఈ మూడో కుప్పని మొదటిదాంట్లో కలిపేస్తే డేటాబేస్ అంతా చెత్తతో నిండిపోతుంది, నేను మొదట అదే చేశా, తర్వాత విడదియ్యడానికి వారం పట్టింది.

వరస ఎవరు చెప్పాలి

ఇద్దరు కుర్రాళ్ళు ఒకే క్షణంలో ఒకే టేబుల్ మీద రెండు మార్పులు చేస్తే ఏది ముందు? చాలామంది టైమ్ చూసి తేల్చేద్దాం అనుకుంటారు. వద్దండి. ట్యాబ్‌ల గడియారాలు ఒకదానికొకటి కలవవు, మా నాలుగింట్లో ఒకటి దాదాపు నిమిషంన్నర ముందు నడిచేది, టైమ్ చూసి తేల్చి ఉంటే ఆ ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు ఏం నొక్కినా అదే గెలిచేది. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే రాసిన పేపర్ సంగతి ఇదే, వేరే వేరే మెషీన్ల మధ్య గోడ గడియారాన్ని నమ్మి వరస తేల్చలేం, వరసకి విడిగా లెక్క పెట్టుకోవాలి.

మన సైజు పనులకి సులువైన దారి, ఒకే ఒక్క సర్వర్ వరస చెప్పాలి. ఎవరు ఏ మార్పు కోరినా ముందు సర్వర్ దగ్గరికే వెళ్ళాలి, సర్వర్ ఒకదాని తర్వాత ఒకటి తీసుకుని ప్రతి దానికీ 1, 2, 3 అని నంబర్ వేసి రాసుకోవాలి. 4127 తర్వాత 4128. సర్వర్ ఏ వరసలో రాసిందో అదే జరిగిన వరస, అప్పీల్ లేదు. మాకు గల్లాపెట్టె కంప్యూటర్ మీదే సర్వర్ నడుస్తుంది, ఇంటర్నెట్ పోయినా లోపలి వైఫై ఉంటే హోటల్ నడవాలి కాబట్టి అలా పెట్టాం. అదే అమెరికాలో తూర్పు తీరాన ఎక్కడో క్లౌడ్‌లో పెడితే ఒక్కసారి వెళ్ళి రావడానికే 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది, ఫైబర్‌లో కాంతి వేగమే సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు, అంతకంటే మనం చేయగలిగింది లేదు. క్లౌడే కావాలంటే దగ్గర్లో పెట్టుకోండి, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లు, అంటే డేటా సెంటర్ల గుంపులు, ఉన్నాయి.

పైకి కోరిక, కిందికి ఫలితం

ఈ ఒక్క ముక్క గోడ మీద రాసిపెట్టుకోవచ్చు. క్లయింట్, అంటే ట్యాబ్‌లోనో స్క్రీన్‌లోనో నడిచే ప్రోగ్రామ్, సర్వర్‌కి పంపేది కోరిక, సర్వర్ అందరికీ పంపేది ఫలితం, ఈ రెండూ ఒకే రకం మెసేజ్ కాకూడదు.

ఎందుకో చెప్తా. 7వ టేబుల్లో రెండు మసాలా దోశలు ఉన్నాయనుకోండి. ఇద్దరు కుర్రాళ్ళకీ స్క్రీన్ మీద 2 కనపడుతోంది, ఇద్దరూ చెరొకటి కలిపారు. రెండు ట్యాబ్‌లూ "దోశలు 3 చెయ్యి" అని పంపితే చివరికి 3 అవుతుంది, నాలుగో దోశ గాల్లో కలిసిపోయింది. అదే రెండూ "ఒకటి కలుపు" అని పంపితే సర్వర్ ఒకదాని తర్వాత ఒకటి చేసి 4 దగ్గర ఆగుతుంది. అందుకే పైకి వెళ్ళేది మనిషి ఏం చెయ్యాలనుకున్నాడో ఆ కోరిక అయ్యుండాలి.

కిందికి మాత్రం "ఒకటి కలిపాం" అని పంపకండి. "మార్పు నంబర్ 4128, ఐటమ్ 31, దోశలు ఇప్పుడు 4" అని తేలిన లెక్క పంపండి. ఎందుకంటే కలపడం, తీయడం, డిస్కౌంట్ వెయ్యడం, ఈ లెక్కలన్నీ ఆరు స్క్రీన్లలో ఆరుసార్లు చేయిస్తే ఒక ట్యాబ్‌లో పాత వెర్షన్ యాప్ ఉన్న రోజున దాని లెక్క వేరేగా వస్తుంది, ఆ తేడా అక్కడి నుంచి పెరుగుతూనే పోతుంది. లెక్క ఒక్కచోటే జరగాలి, స్క్రీన్లు వచ్చిన విలువని వచ్చినట్టు పెట్టుకోవాలి, అంతే.

కోరిక అన్నాక కాదనే హక్కు కూడా సర్వర్‌కి ఉండాలి. కస్టమర్ దోశ వద్దన్నాడు, కుర్రాడు క్యాన్సిల్ నొక్కాడు, అదే క్షణంలో మాస్టర్ పిండి పెనం మీద పోసి "వేశాను" నొక్కాడు. ఇప్పుడేంటి? ఇది కోడ్ ప్రశ్న కాదు, హోటల్ ప్రశ్న, బాబాయినే అడిగా, ఆలోచించకుండా చెప్పాడు, పెనం మీద పడ్డాక క్యాన్సిల్ లేదురా, కావాలంటే వేరే టేబుల్‌కి తిప్పుతాం అని. సరే, సర్వర్‌లో రూల్ అదే అయింది: స్థితి ఇంకా "చెప్పారు" అని ఉంటేనే క్యాన్సిల్ ఒప్పుకో, లేకపోతే వెనక్కి కొట్టి కారణం చెప్పు. మీ దగ్గర కూడా ఇలాంటి తగువులు ఎక్కడెక్కడ వస్తాయో లిస్టు రాసి, పని తెలిసిన మనిషిని అడిగి తేల్చుకోండి, ప్రోగ్రామర్‌గా మనం ఊహించి పెట్టకూడదు.

"ఒకటి కలుపు" లో ఒక గొయ్యి ఉంది. ట్యాబ్ పంపింది, సర్వర్ చేసేసింది, జవాబు తిరిగొచ్చేలోపు వైఫై పోయింది. ట్యాబ్‌కి తెలీదు కదా అందిందో లేదో, మళ్ళీ పంపుతుంది, దోశలు రెండు పెరుగుతాయి. దీనికి విరుగుడు, ప్రతి కోరికకీ ట్యాబే ఒక ప్రత్యేకమైన ఐడీ తయారు చేసి జత చెయ్యాలి, యూయూఐడీ (మళ్ళీ రాని పొడవాటి యాదృచ్ఛిక నంబర్) సరిపోతుంది, మళ్ళీ పంపేటప్పుడు అదే ఐడీతో పంపాలి, కొత్తది పుట్టించకూడదు. సర్వర్ మార్పుల టేబుల్లో ఆ ఐడీ కాలమ్‌ని యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) అని పెట్టి, మార్పునీ ఐడీనీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే రెండూ పడాలి లేకపోతే రెండూ పడకూడదు అన్నట్టు, రాయాలి. రెండోసారి వస్తే పని చెయ్యకుండా మొదటిసారి ఇచ్చిన జవాబే ఇచ్చేస్తుంది. ఐడీని విడిగా మెమరీలో దాచిపెట్టుకునే వాళ్ళని చూశా, సర్వర్ రీస్టార్ట్ అయితే అవన్నీ పోతాయి, పైగా జనం అన్నీ రెండోసారి పంపేది సరిగ్గా ఆ రీస్టార్ట్ తర్వాతే.

కొత్తగా వచ్చిన స్క్రీన్‌ని కలుపుకోవడం

ఇక్కడ నిదానంగా చదవండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

స్క్రీన్ ఆన్ అవ్వగానే దానికి రెండు కావాలి. ఇప్పటిదాకా ఉన్న మొత్తం లిస్టు, దీన్ని స్నాప్‌షాట్ అంటాం, ఆ తర్వాత వచ్చే మార్పులు. చాలామంది ముందు మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌తో (ఒకసారి అడిగి ఒక జవాబు తెచ్చుకోవడం) లిస్టు తెచ్చుకుని ఆ తర్వాత వెబ్‌సాకెట్ తెరుస్తారు. లిస్టు 4127 దగ్గర తీసింది, సాకెట్ తెరుచుకునేసరికి 4128 జరిగిపోయింది, సాకెట్‌లో మొదట వచ్చింది 4129. మధ్యలో 4128 ఎవరికీ తెలీకుండా జారిపోయింది. ఆఫీసులో టెస్ట్ చేస్తే ఇది ఎప్పుడూ కనపడదు, ఎందుకంటే అక్కడ మార్పులు చేసేది మీరొక్కరే, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మాత్రం తప్పకుండా కనపడుతుంది.

రెండు దారులున్నాయి. సర్వర్ మీ చేతిలో ఉంటే, సాకెట్ తెరవగానే సర్వర్ ఒకే బిగువులో, అంటే మధ్యలో ఇంకే మార్పూ దూరకుండా, స్నాప్‌షాట్ తీసి ఆ సాకెట్‌ని వినేవాళ్ళ లిస్టులో చేర్చాలి, స్నాప్‌షాట్ మీద "ఇది 4127 వరకు" అని రాసి పంపాలి. నేను చేసింది ఇదే. అలా కుదరకపోతే తలకిందులు చెయ్యండి: ముందు సాకెట్ తెరవండి, వచ్చే మార్పుల్ని స్క్రీన్ మీద పెట్టకుండా పక్కన దాచండి, అప్పుడు లిస్టు తెచ్చుకోండి, లిస్టు నంబర్ కంటే చిన్నవో సమానమైనవో పారేసి మిగతావి వరసగా వేసుకోండి.

ఏ దారి పట్టినా క్లయింట్‌లో ఈ చెక్ ఉండి తీరాలి: నా దగ్గరున్న నంబర్ 4127, వచ్చింది 4128 అయితే వేసుకో, 4127 లేదా తక్కువ అయితే వదిలేయ్, 4129 లేదా ఎక్కువ అయితే ఏదో జారింది, ఇంకేం ముట్టుకోకుండా సర్వర్‌ని "4127 తర్వాతవి ఇవ్వు" అని అడుగు. నాలుగు లైన్ల కోడ్ అండి ఇది. ఈ నాలుగు లైన్లు లేని రియల్ టైమ్ యాప్‌ని నేను నమ్మను.

తెగి మళ్ళీ వచ్చిన స్క్రీన్ కూడా ఇదే మాట అంటుంది, "నేను 4127 దాకా చూశా". సర్వర్ దగ్గర ఆ తర్వాతి మార్పులు ఉంటే అవే పంపుతుంది, చాలా పాతబడిపోయి ఉంటే మొత్తం స్నాప్‌షాట్ పంపుతుంది. ఇంకోటి, సర్వర్ హార్డ్ డిస్క్ పోయి నిన్నటి బ్యాకప్ ఎక్కించారనుకోండి, సర్వర్ నంబర్ 3900కి వెనక్కి వెళ్ళిపోతుంది, స్క్రీన్లు 4127 అంటాయి, కొత్తగా వచ్చే 3901ని పాతదనుకుని పారేస్తాయి. అందుకని నంబర్‌తో పాటు ఒక తరం ఐడీ కూడా పెట్టండి, బ్యాకప్ ఎక్కించిన ప్రతిసారీ కొత్తది, తరం మారిందని చూడగానే క్లయింట్ తన దగ్గరున్నదంతా తుడిచేసి స్నాప్‌షాట్ అడగాలి.

మార్పు ముక్కలు పంపాలా మొత్తం పంపాలా అని అడుగుతారు. మీ స్టేట్ మొత్తం కలిపి పది పదిహేను కేబీ, స్క్రీన్లు పదిలోపు అయితే, మొహమాటం లేకుండా ప్రతి మార్పుకీ నంబర్ వేసి మొత్తం పంపెయ్యండి. జారిపోయిన మెసేజ్ గొడవే ఉండదు, తర్వాతది వస్తే అంతా సరైపోతుంది. నేను మొదటి రెండు నెలలు అలాగే నడిపా. పెరిగాక ముక్కలకి మారా, రికార్డు మొత్తాన్ని, అంటే ఐటమ్ 31 పూర్తి వివరాన్ని పంపుతా, అందులో మారిన ఒక్క ఫీల్డ్ మాత్రమే పంపే దాకా వెళ్ళలేదు. జేసన్‌లో (ప్రోగ్రాముల మధ్య డేటా పంపే టెక్స్ట్ రూపం) ఫీల్డ్ స్థాయి తేడాలకి స్టాండర్డ్‌లు ఉన్నాయి, ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ స్టాండర్డ్ పత్రం, ఆర్ఎఫ్‌సీ 6902 జేసన్ ప్యాచ్, ఆర్ఎఫ్‌సీ 7396 మెర్జ్ ప్యాచ్. మెర్జ్ ప్యాచ్ చూడ్డానికి బావుంటుంది గానీ అందులో నల్ (ఖాళీ విలువ) అంటే "ఈ ఫీల్డ్ తీసెయ్" అని అర్థం, మీ డేటాలో నల్‌కి వేరే అర్థం ఉంటే ఇరుక్కుంటారు.

కనెక్షన్ చచ్చిందని ఎలా తెలుస్తుంది

ఒక ఆదివారం వంటగది వైపున్న వైఫై రౌటర్ వేడికి ఆగిపోయి మళ్ళీ లేచింది. మాస్టర్ స్క్రీన్ మీద పైన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది, కనెక్ట్ అయ్యే ఉన్నట్టు. ఒక్క ఆర్డర్ కొత్తగా రాలేదు. మాస్టర్ పాపం జనం తగ్గారనుకున్నాడు, బయట చూస్తే పదకొండు టేబుళ్ళు ఎదురుచూస్తున్నాయి, రెండు కుటుంబాలు లేచి వెళ్ళిపోయాయి. పదిహేను నిమిషాలకి గానీ ఎవరికీ అర్థం కాలేదు. ఆరోజు బాబాయి నన్నేం అనలేదు, అదే ఇంకా బాధేసింది.

జరిగింది ఇది. వెబ్‌సాకెట్ కింద నడిచేది టీసీపీ కనెక్షన్, అందులో అవతలివాడు మర్యాదగా మూసేసి వెళ్తేనే ఇవతలివాడికి తెలుస్తుంది. మధ్యలో రౌటర్ చస్తే ఎవరూ చెప్పరు, వినేవాడు వింటూనే కూర్చుంటాడు. లైనక్స్‌లో టీసీపీ కీప్ అలైవ్ (అవతలివాడు ఉన్నాడో లేడో చూసే ఏర్పాటు) ఆన్ చేసినా డీఫాల్ట్‌గా మొదటి చెక్ 7200 సెకన్లకి, అంటే రెండు గంటలకి. పంపేవాడి వైపు కూడా జవాబు రాని ప్యాకెట్‌ని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి వదిలేసేసరికి పావుగంట దాకా పట్టొచ్చు. టిఫిన్ హోటల్‌కి పావుగంట అంటే ఒక పూట వ్యాపారంలో పెద్ద ముక్క.

కాబట్టి గుండెచప్పుడు మనమే పెట్టుకోవాలి. వెబ్‌సాకెట్ స్టాండర్డ్‌లోనే, అది 2011 డిసెంబర్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6455, పింగ్ పాంగ్ ఫ్రేములు, అంటే ఉన్నావా, ఉన్నా అనే చిన్న మెసేజ్‌లు, ఉన్నాయి, కానీ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నుంచి ఆ పింగ్ పంపే వీల్లేదు, సర్వర్ పంపిన పింగ్‌కి బ్రౌజర్ లోపల్లోపలే పాంగ్ చెప్పేస్తుంది, మీ కోడ్‌కి తెలీదు. అందుకని మామూలు మెసేజ్‌గానే సర్వర్ ప్రతి 5 సెకన్లకి "నేనున్నా, ఇప్పటికి 4127" అని పంపేలా పెట్టా. 15 సెకన్లు ఏమీ రాకపోతే క్లయింట్ ఆ సాకెట్‌ని పారేసి కొత్తది తెరుస్తుంది. గుండెచప్పుడులో ఆ నంబర్ పెట్టడం మర్చిపోకండి, చివరి మార్పు జారిపోయి తర్వాత కొత్తవేవీ రాకపోతే దాని వల్లే దొరుకుతుంది. మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ (సర్వర్ ముందు నిలబడి మెసేజ్‌లు అటూ ఇటూ దాటించే ప్రోగ్రామ్) ఉంటే అది డీఫాల్ట్‌గా 60 సెకన్లు అవతలి నుంచి కదలిక లేకపోతే కనెక్షన్ కోసేస్తుంది, ఈ చప్పుడు ఉంటే ఆ గొడవా తీరుతుంది.

పచ్చ చుక్క తీసేశా. దాని బదులు చప్పుడు ఆగి 15 సెకన్లు దాటితే స్క్రీన్ మొత్తం ఎర్ర అంచు, "లిస్టు పాతది, గట్టిగా అడగండి" అని పెద్ద అక్షరాల్లో. పాత సమాచారాన్ని కొత్తదానిలా చూపించడం కంటే ఏమీ చూపించకపోవడం నయం.

మళ్ళీ కనెక్ట్ అవ్వడానికి 1 సెకను, 2, 4, 8 అలా పెంచుకుంటూ పోయి 10 దగ్గర ఆపండి, ప్రతిదానికీ కొంచెం యాదృచ్ఛికంగా అటూ ఇటూ కలపండి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని స్క్రీన్లూ ఒకేసారి సర్వర్ మీద పడకుండా. ఆరు స్క్రీన్లకి ఏం కాదు గానీ ఆరు వేలైతే లేచిన సర్వర్ మళ్ళీ పడిపోతుంది. ట్యాబ్ స్క్రీన్ ఆరి వెలిగినప్పుడు మాత్రం ఆగకుండా వెంటనే చెక్ చెయ్యండి, కళ్ళ ముందు లేని పేజీల్లో టైమర్లని బ్రౌజర్ బాగా నెమ్మది చేస్తుంది, క్రోమ్ అయితే కొన్ని నిమిషాలు దాటాక నిమిషానికోసారికి తగ్గించేస్తుంది, మీరు పెట్టిన 15 సెకన్ల టైమర్ పనిచేస్తుందని అక్కడ నమ్మకం లేదు.

నొక్కగానే కనపడాలి

కుర్రాడు వడ నొక్కితే సర్వర్ జవాబు వచ్చేదాకా ఆగమంటే రెండోసారి నొక్కుతాడు. కాబట్టి వెంటనే చూపించాలి, కానీ అసలు లిస్టుని ముట్టుకోకుండా. క్లయింట్‌లో రెండు విడివిడిగా పెట్టండి: సర్వర్ ఖాయం చేసిన లిస్టు, ఇంకా జవాబు రాని నా కోరికల వరస. స్క్రీన్ మీద గీసేది ఖాయమైన లిస్టు మీద ఆ కోరికల్ని వేసి చూస్తే ఎలా ఉంటుందో అది. సర్వర్ నుంచి ఏ మార్పొచ్చినా ఖాయమైనదాంట్లో పెట్టి, తేలిపోయిన కోరికని వరసలోంచి తీసేసి, మిగతావి మళ్ళీ దాని మీద వేసి గీయండి. కోరికకి ఐడీ ఉంది కాబట్టి ఏది తేలిందో తెలుస్తుంది. పైన లెక్కలు ఒక్కచోటే అన్నా కదా, ఇది దానికి చిన్న మినహాయింపు, ఇక్కడ క్లయింట్ వేసేది ఊహ మాత్రమే, సర్వర్ మాట రాగానే చెరిగిపోతుంది.

జవాబు రానివాటిని మేం లేత రంగులో చూపిస్తాం, ఖాయమవగానే ముదురవుతుంది. వెనక్కి కొట్టినప్పుడు నిశ్శబ్దంగా మాయం చేస్తే కుర్రాడు చూసుకోడు, టేబుల్ దగ్గర మాట ఇచ్చేసి వచ్చాడాయె. ట్యాబ్ వైబ్రేట్ అయి "పెసరట్టు అయిపోయింది, 7వ టేబుల్‌కి చెప్పండి" అని వస్తుంది, నొక్కితే గానీ పోదు.

సర్వర్ పడిపోతే

ఒకటే రూల్, ముందు డిస్క్ మీద రాయి, తర్వాతే అందరికీ చెప్పు. తిరగేస్తే, చెప్పాక రాసేలోపు కరెంటు పోతే స్క్రీన్లకి 4128 తెలుసు, సర్వర్‌కి తెలీదు, లేచాక ఇంకేదో మార్పుకి మళ్ళీ అదే 4128 నంబర్ ఇస్తుంది. ఇంత చిన్న పనికి పెద్ద డేటాబేస్ అక్కర్లేదు, ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ఫైల్ ఒక్కటి చాలు, వాల్ మోడ్‌లో (మార్పుని ముందు విడి లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) పెట్టుకోండి. కానీ వాల్ మోడ్‌తో పాటు సింక్రనస్‌ని (రాసింది డిస్క్ మీద పడిందని ఎప్పుడు ఖాయం చేసుకోవాలో చెప్పే సెట్టింగ్) నార్మల్ చెయ్యమని చాలా చోట్ల సలహా ఉంటుంది, అలా పెడితే ఫైల్ పాడవదు గానీ కరెంటు పోయినప్పుడు చివర్లో రాసిన కొన్ని ట్రాన్సాక్షన్లు పోవచ్చు. మన రూల్‌కి అది పనికిరాదు, ఫుల్ పెట్టండి.

ఒక స్క్రీన్ నెమ్మదిగా ఉంటే దానికి పంపాల్సినవి సర్వర్ మెమరీలో పేరుకుపోతాయి. దాని కోసం మిగతావాళ్ళని ఆపొద్దు. ఒక హద్దు దాటితే ఆ సాకెట్ మూసెయ్యండి, అదే తిరిగొచ్చి "4127 దాకా చూశా" అంటుంది, ఆ దారి ఎలాగూ కట్టుకున్నాం. నంబర్ల పద్ధతి ఒకసారి కుదిరితే తెంపడానికి భయం ఉండదు, ఏ అనుమానమొచ్చినా తెంపి కలిపేస్తే చాలు.

సర్వర్ ఒకటి చాలక రెండు మూడు పెట్టాల్సి వస్తే చాలామంది మధ్యలో రెడిస్ (మెమరీలో నడిచే డేటాబేస్) పబ్ సబ్, అంటే వినేవాళ్ళందరికీ మెసేజ్ చాటే ఏర్పాటు, పెడతారు. బావుంటుంది, కానీ అది ఇచ్చేది ఒక్కసారే, వినేవాడు ఆ క్షణంలో లేకపోతే ఆ మెసేజ్ పోయినట్టే, దాచిపెట్టదు. కాబట్టి దాన్ని "కొత్తది వచ్చింది చూసుకో" అని తలుపు కొట్టడానికి వాడండి, అసలు మార్పు మాత్రం డేటాబేస్‌లోంచి నంబర్‌తో చదువుకోండి. లేదా రెడిస్ 5 నుంచి ఉన్న స్ట్రీమ్స్ వాడండి, అందులో ప్రతిదానికీ ఐడీ ఉంటుంది, ఫలానా దాని తర్వాతవి ఇవ్వు అని అడగొచ్చు.

వరస చెప్పే సర్వరే లేకపోతే

ఇద్దరు ఒకే పేరాని ఒకేసారి టైప్ చేస్తున్నారు, లేదా గంటలకొద్దీ నెట్ లేని చోట పని చేసుకుని తర్వాత కలవాలి, అప్పుడు పై పద్ధతి ఇబ్బంది పెడుతుంది. దానికి రెండు పెద్ద దారులున్నాయి. పాతది ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్, ఒకరి మార్పుని అవతలివాళ్ళ మార్పుకి తగ్గట్టు సర్ది వెయ్యడం, 1989లో ఎల్లిస్, గిబ్స్ రాసిన పేపర్‌తో మొదలైంది, గూగుల్ డాక్స్ నడిచేది ఈ దారిలోనే. కొత్తది సీఆర్‌డీటీ, ఏ వరసలో కలిపినా అందరి దగ్గరా ఒకే ఫలితం వచ్చేలా డేటానే అలా కట్టడం, 2011లో షాపిరో బృందం దానికి ఆ పేరుతో పద్ధతిగా రూపం ఇచ్చింది. మీరు రాసుకోవద్దు, వై జేఎస్ గానీ ఆటోమెర్జ్ గానీ, సిద్ధంగా ఉన్న లైబ్రరీలు, తీసుకోండి, రెండూ ఓపెన్ సోర్స్.

కానీ ఒకటి తెలుసుకుని దిగండి. సీఆర్‌డీటీ అందరి దగ్గరా ఒకే ఫలితం తెస్తుంది, ఆ ఫలితం మీకు సరైనదని మాట ఇవ్వదు. చివరి రెండు పెసరట్లు ఉన్నాయి, నెట్ లేకుండా ముగ్గురు తలా ఒకటి అమ్మారు, కలిపితే అందరి స్క్రీన్ మీదా ఒకేలా మైనస్ 1 అని వస్తుంది. హద్దు కాపాడాల్సిన చోట, స్టాక్, సీటు, డబ్బు, అక్కడ వరస చెప్పే పెద్ద ఒకరు ఉండాల్సిందే. డిజైన్ యాప్ ఫిగ్మా వాళ్ళు 2019లో తమ పద్ధతి గురించి రాసినప్పుడు చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది, సీఆర్‌డీటీల నుంచి ఆలోచనలు తీసుకున్నారు గానీ, సర్వర్ ఎలాగూ ఉంది కాబట్టి దాన్నే పెద్దగా పెట్టుకుని, ఒక్కో వస్తువులో ఒక్కో లక్షణానికి సర్వర్‌కి చివరగా చేరిన విలువే నిలిచేలా చేసుకున్నారు.

చెక్ చెయ్యడం

బల్ల మీద రెండు బ్రౌజర్లు తెరిచి అటు నొక్కితే ఇటు మారింది అని సంబరపడితే సరిపోదు. నేను చేసేవి చెప్తా. ఒక చిన్న ప్రోగ్రామ్ పది నకిలీ ట్యాబ్‌లుగా మారి యాదృచ్ఛికంగా కలపడం, తీయడం, క్యాన్సిల్ చెయ్యడం చేస్తూ ఉంటుంది, మధ్యమధ్యలో దానికే తోచినట్టు సాకెట్లు తెంపుతుంది, కొన్ని జవాబుల్ని అందనట్టు నటించి అదే కోరిక మళ్ళీ పంపుతుంది. అది నడుస్తుండగా సర్వర్‌ని కిల్ మైనస్ 9 (ప్రోగ్రామ్‌ని ఉన్నపళంగా ఆపే కమాండ్) తో చంపి లేపుతా, ఒక ట్యాబ్ గడియారం గంట వెనక్కి తిప్పుతా. చివర్లో అందర్నీ ఆపి, అన్ని లిస్టుల్నీ ఐటమ్ ఐడీ వరసలో పేర్చి హ్యాష్ (మొత్తం డేటాకి వేలిముద్ర లాంటి చిన్న విలువ) తీసి సర్వర్ హ్యాష్‌తో పోలుస్తా. ఒక్కటి తేడా వచ్చినా లాగ్‌లో నంబర్ పట్టుకుని ఎక్కడ విడిపోయిందో వెతకొచ్చు, నంబర్లు ఉన్నాయి కాబట్టి వెతకడం కూడా సులువే. హోటల్లో కూడా ప్రతి నిమిషం గుండెచప్పుడుతో పాటు ఆ నంబర్ దగ్గరి హ్యాష్ పంపుతుంది సర్వర్, కలవకపోతే ఆ స్క్రీన్ దానంతట అదే స్నాప్‌షాట్ తెచ్చుకుని నాకు ఒక లైన్ లాగ్ రాస్తుంది. మొదటి నెలలో అలాంటి లైన్లు మూడు వచ్చాయి, మూడూ నా బగ్‌లే, సరి చేశా.

అన్నీ అయ్యాక హోటల్‌కి వెళ్ళి రద్దీ టైమ్‌లో, బాబాయికి ముందే చెప్పి, రౌటర్ ప్లగ్ పీకేశా. మాస్టర్ స్క్రీన్ 15 సెకన్లకి ఎర్రబడింది, ఆయన గరిట పట్టుకునే తలుపు దగ్గరికొచ్చి ఆర్డర్లు గట్టిగా చెప్పండర్రా అని అరిచాడు, కుర్రాళ్ళు అరిచి చెప్పారు, ట్యాబ్‌ల్లో కూడా లేత రంగులో నొక్కుతూనే ఉన్నారు. రెండు నిమిషాల తర్వాత ప్లగ్ పెట్టా. రౌటర్ లేచాక పది సెకన్లలోపే ట్యాబ్‌ల్లో అన్నీ ముదురు రంగుకి తిరిగాయి, మాస్టర్ స్క్రీన్ మీద పందొమ్మిది ఐటమ్‌లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి, ఆయన వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని అప్పటికే వేసేసినవి "వేశాను" నొక్కుకుంటూ పోయాడు.